పిల్లకి ఎన్నేళ్లమ్మా?

అందరికీ నమస్కారం. చంటిపిల్లల తల్లులు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే, "టీవీలో చదువు కార్యక్రమాలు పెడితే మంచిదేనా మేడమ్?" అని. పిల్లకి ఎన్నేళ్లమ్మా అని నేను తిరిగి అడుగుతాను, ఎందుకంటే జవాబు వయసును బట్టే ఉంటుంది.

2003లో అమెరికాలోని సియాటిల్‌లో పాట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త, ఆవిడ బృందం తొమ్మిది నెలల పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. ఇంట్లో ఇంగ్లీషు మాత్రమే వినే పిల్లలు వాళ్లు. కొందరి దగ్గర చైనీస్ మాట్లాడే మనిషి కూర్చుని, బొమ్మలు చూపిస్తూ, పుస్తకాలు చదువుతూ 12 సార్లు వాళ్లతో గడిపారు. ఇంకొందరికి అవే మాటలు, అవే బొమ్మలు టీవీలో చూపించారు. చివర్లో చూస్తే, మనిషితో గడిపిన పిల్లలు ఆ భాషలోని శబ్దాల తేడా పట్టుకున్నారు. టీవీ చూసినవాళ్లకు ఏమీ రాలేదు, ఆ భాష ఎప్పుడూ విననివాళ్లకీ వీళ్లకీ తేడా లేదు. నాకు ఇది ఆశ్చర్యం కాదు. పాప "ఊ" అంటే మనం "ఊ" అంటాం, పాప ఎటు చూస్తే మనమూ అటు చూస్తాం. టీవీకి పాప కనబడదు కదా!

మూడేళ్లు దాటాక సంగతి వేరు. 1969లో అమెరికాలో 'సెసమీ స్ట్రీట్' అనే పిల్లల టీవీ కార్యక్రమం మొదలైంది, పేదింటి పిల్లలు బడికి వెళ్లేలోపు అక్షరాలూ అంకెలూ నేర్చుకోవాలని. అప్పట్లో కొన్ని ఊళ్లలో సిగ్నల్ బాగా వచ్చేది, కొన్ని ఊళ్లలో సరిగా వచ్చేది కాదు (దూరదర్శన్ కోసం డాబా ఎక్కి యాంటెన్నా తిప్పినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు). చాలా ఏళ్ల తర్వాత మెలిస్సా కర్నీ, ఫిలిప్ లెవిన్ అనే ఆర్థికవేత్తలు ఈ తేడానే పట్టుకుని లెక్కలు చూశారు. సిగ్నల్ బాగా వచ్చిన చోట్ల పెరిగిన పిల్లలు బడిలో వెనకబడకుండా వయసుకు తగ్గ తరగతిలో ఉండడం ఎక్కువగా కనబడింది. ఇంటికి పైసా ఖర్చు లేకుండా జరిగిన మేలు అది, అందుకే నేను టీవీని తిట్టను.

అయితే గంటలు గంటలు వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, రెండేళ్ల లోపు పిల్లలకు అసలు చూపించవద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించకూడదని. ఆ గంటలో కూడా పక్కన కూర్చుని మాట్లాడండి. మా మనవరాలికి నాలుగేళ్లు. కార్యక్రమం అయ్యాక టీవీ కట్టేసి వంటింట్లోకి వస్తుంది, నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే లెక్కపెడుతుంది. ఏడు తర్వాత తొమ్మిది అంటుంది. ఎనిమిది ఏదే అంటే కాసేపు ఆగి, కాయలన్నీ మళ్లీ కుప్ప పోసి, ఒకటి నుంచి మొదలుపెడుతుంది.