సంతకం పెట్టాక కాదు, పెట్టకముందే లాయర్

అందరికీ నమస్కారం.

పరాయి దేశంలో వ్యాపారం పెట్టాలనుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది మొదట అడిగేది, "కంపెనీ రిజిస్ట్రేషన్ ఎన్నాళ్లలో అవుతుంది?" అని. చాలా దేశాల్లో అదిప్పుడు ఆన్‌లైన్‌లో అయిపోయే పని. నిజంగా లాయర్ అవసరం పడేది అంతకంటే ముందే. ఆ వ్యాపారం అక్కడ విదేశీయులు చేయొచ్చా? ఎంత వాటా ఉంచుకోవచ్చు? లాభం బయటికి తెచ్చుకునే వీలుందా? ఇవి తేలకుండా అడ్వాన్సులు ఇచ్చేస్తే, తర్వాత ఎంత పెద్ద లాయర్ వచ్చినా చేయగలిగింది తక్కువ.

వాటా సంగతే చూద్దాం. థాయ్‌లాండ్‌లో 1999 నాటి చట్టం ప్రకారం విదేశీయుల వాటా సగానికి చేరితే అది విదేశీ కంపెనీ కిందే లెక్క. సేవారంగంలో చాలా వ్యాపారాలకు అలాంటి కంపెనీ విడిగా అనుమతి తెచ్చుకోవాలి. ఇలాంటి చోట ఎవరో ఒకరు వచ్చి, "అక్కడివాళ్ల పేరు మీద షేర్లు పెట్టండి, మనం లోపల వేరే కాగితం రాసుకుందాం" అంటారు. బినామీ అన్నమాట. దయచేసి ఆ దారిలోకి వెళ్లకండి.

ఫ్రాపోర్ట్ అనే జర్మన్ విమానాశ్రయ సంస్థకు ఏం జరిగిందో చూడండి. మనీలా విమానాశ్రయంలో మూడో టెర్మినల్ కట్టే కంపెనీలో అది పెట్టుబడి పెట్టింది. ఫిలిప్పీన్స్‌లో ప్రజోపయోగ సంస్థల్లో కనీసం 60 శాతం వాటా ఆ దేశస్థులదే అయ్యుండాలని అప్పటి నిబంధన. పైకి స్థానికుల పేర్లు పెట్టి, పెత్తనం విదేశీయుల చేతిలో ఉంచడాన్ని అక్కడి చట్టం నేరంగా చూస్తుంది. ఈ సంగతి సంస్థకు అక్కడి లాయర్లు ముందే చెప్పారు. అయినా పెత్తనం తన చేతిలోకి వచ్చేలా వాటాదారులతో రహస్య ఒప్పందాలు చేసుకుంది. తర్వాత ప్రభుత్వంతో గొడవ వచ్చింది. దేశాలకూ విదేశీ పెట్టుబడిదారులకూ మధ్య వివాదాలు వినే అంతర్జాతీయ సంస్థ ఇక్సిడ్ (ICSID)కు వెళితే, ఆ రహస్య ఒప్పందాలు విచారణలో బయటపడ్డాయి. పెట్టుబడే చట్టవిరుద్ధంగా వచ్చింది కాబట్టి కేసు వినే అధికారం తమకు లేదని 2007లో ట్రిబ్యునల్ తేల్చింది. ఆ తీర్పు 2010లో రద్దయింది, ఫ్రాపోర్ట్ మళ్లీ కేసు వేసింది, 2014లో రెండో ట్రిబ్యునల్ కూడా ఆ కేసు తన పరిధిలోకి రాదనే చెప్పింది.

ఇక్కడ నన్ను బాధపెట్టేది ఒకటుంది. రెండు దేశాల మధ్య పెట్టుబడి రక్షణ ఒప్పందం గొడవ వచ్చేనాటికే అమల్లో ఉంది. కానీ లోపల రాసుకున్న ఆ కాగితాల వల్లే ఆ రక్షణ అక్కరకు రాకుండా పోయింది.

లాయర్‌ని ఎంచుకోవడంలోనూ జాగ్రత్త కావాలి. స్థానిక భాగస్వామి చాలాసార్లు, "మా లాయరే ఉన్నాడు, మీకూ ఆయనే చూస్తాడు" అంటాడు. మనిషి మంచివాడే కావచ్చు. కానీ రేపు ఇద్దరికీ పేచీ వస్తే ఆయన ఎవరి తరఫున నిలబడతాడు? మీ లాయర్‌ని మీరే పెట్టుకోండి, ఫీజు మీరే ఇవ్వండి, క్లయింటు ఎవరో ఆయనతో చేసుకునే ఒప్పంద పత్రంలో స్పష్టంగా రాయించుకోండి. పెట్టుబడి ఎక్కడిదో, అసలు యజమాని ఎవరో, పాత కేసులేమున్నాయో ఆయన దగ్గర ఏదీ దాచకండి. బ్యాంకు ఖాతా తెరిచేటప్పుడు ఇవన్నీ ఎలాగూ అడుగుతారు.

ఒక దేశపు పత్రాలు ఇంకో దేశంలో చెల్లడానికి ప్రభుత్వం వేసే ధ్రువీకరణ ముద్రను అపోస్టిల్ అంటారు, చాలా దేశాల్లో అది సరిపోతుంది. అయితే అది సంతకం, సీలు అసలైనవని మాత్రమే చెబుతుంది. లోపల రాసిన విషయానికి పూచీ ఇవ్వదు.

ఇక ఒప్పందం రెండు భాషల్లో ఉంటే, తేడా వచ్చినప్పుడు ఏ భాషలోది చెల్లుతుందో చెప్పే వాక్యం వెతకండి. చాలాసార్లు చెల్లేది మీకు అర్థంకాని భాషలోదే అయ్యుంటుంది. అలాంటప్పుడు మీ తరఫు మనిషి చేత దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివించుకోవాలి. గొడవ వస్తే ఎక్కడ, ఎలా తేల్చుకోవాలో చెప్పే వివాదాల క్లాజు కూడా అంతే ముఖ్యం. ఒక దేశపు కోర్టు తీర్పు ఇంకో దేశంలో అమలవుతుందన్న భరోసా అన్నిచోట్లా లేదు. ఆర్బిట్రేషన్, అంటే కోర్టు బయట ఇద్దరూ ఒప్పుకున్న మధ్యవర్తి ఇచ్చే తీర్పుకైతే, దాన్ని ఇతర దేశాల్లోనూ అమలు చేయించే 1958 నాటి న్యూయార్క్ ఒప్పందం ఉంది, 170కి పైగా దేశాలు అందులో ఉన్నాయి. అందుకే ఆర్బిట్రేషన్ ఎక్కడ, ఏ నిబంధనల కింద అన్నది ఇద్దరూ స్నేహంగా ఉన్న రోజుల్లోనే రాసుకోవాలి.

ఇక మీ ప్రశ్నలు వింటాను. డ్రాఫ్టు తెచ్చుకున్నవాళ్లు ముందుగా ఆ వివాదాల క్లాజు ఉన్న పేజీ తీయండి, అక్కణ్నుంచి మొదలుపెడదాం.