మార్చిలో గోధుమ చేను: యూరియా కొనేముందు పిలకలు లెక్కపెట్టాలి | కెంటకీ వీడియో, బెంగళూరు గొంతు

అందరికీ నమస్కారమండీ. మీకు కనిపిస్తున్న చేను అమెరికాలో కెంటకీ రాష్ట్రం, హాప్కిన్స్‌విల్ వైపుది. మాట మాత్రం బెంగళూరు మారతహళ్ళిలో పిన్నివాళ్ళ ఫ్లాట్ నుంచి. ఉగాదికి వచ్చాం కదా, ఇక్కడే చెప్పేస్తున్నా. మధ్యలో నీళ్ళ ట్యాంకర్ మోటారు వినిపిస్తే సర్దుకోండి. ఈ అపార్ట్‌మెంట్‌లో సగం మంది మనవాళ్ళే, అనంతపురం, చిత్తూరు, నెల్లూరు. అందరిదీ ఒకటే ప్రశ్న: "అక్టోబర్‌లో విత్తి జూన్‌లో కోస్తారా? అన్ని నెలలు ఆ గోధుమ ఏం చేస్తుందమ్మా?"

చలికి ముడుచుకుని పడుకుంటుందండీ. మన దేశంలో నవంబర్‌లో విత్తి మార్చి, ఏప్రిల్‌లో కోసే గోధుమ రకం వేరు. ఈ వింటర్ వీట్‌కు కొన్ని వారాలు గట్టి చలి తగలాలి, లేకపోతే వెన్నే వేయదు. ఫిబ్రవరి చివరికి నేల కాస్త వేడెక్కగానే మళ్ళీ పచ్చబడుతుంది. అసలు పని అప్పుడు మొదలు.

ముందు మొక్క బతికుందో లేదో చూడాలి. పైన ఆకులు మాడిపోయినంత మాత్రాన కంగారు పడక్కర్లేదు. మట్టితో సహా నాలుగు మొక్కలు తవ్వి, వేళ్ళకు పైనున్న దుబ్బు మొదలును బ్లేడుతో నిలువుగా చీల్చాలి. లేత ముల్లంగిలా తెల్లగా, గట్టిగా ఉంటే బతికున్నట్టే. గోధుమరంగు తిరిగి మెత్తబడితే పోయినట్టు. అనుమానంగా ఉంటే ఇంట్లో తడి కాగితంలో చుట్టి పెడితే, బతికున్నవాటికి వారంలోపే తెల్లటి కొత్త వేళ్ళు వస్తాయి.

ఇక పిలకల లెక్క. అక్కడ సాళ్ళ మధ్య ఏడున్నర అంగుళాలు. అంటే సాలు పొడవున 19 అంగుళాలు, మన లెక్కలో సుమారు 48 సెంటీమీటర్లు కొలిస్తే ఒక చదరపు అడుగు. అంత పొడవు కర్ర ముక్క కోసుకుని చేలో తిరగడమే. మూడు ఆకులు, ఆపైన ఉన్న ప్రతి కాడనూ లెక్కపెట్టాలి. ఒక్క చోటుతో సరిపెట్టకండి. గట్టు పక్కన, పల్లంలో, మెరకలో, పది చోట్ల చూసి సగటు తీయాలి. చదరపు అడుగుకు 70 లోపు ఉంటే ఎకరానికి 40, 50 పౌండ్ల నత్రజని, అంటే 18 నుంచి 23 కిలోలు వెంటనే వేయాలి, ఇంకా పిలకలు పుట్టాలి కాబట్టి. 70కీ 100కీ మధ్య అయితే 30 పౌండ్లు, సుమారు 14 కిలోలు చాలు. 100 దాటితే ఈ మొదటి పాటు అక్కర్లేదు. అప్పుడు కూడా వేస్తే పిలకలు కిక్కిరిసి, గాలి ఆడక బూడిద తెగులు పట్టి, చివరికి చేను పడిపోతుంది. చేను నల్లగా నిగనిగలాడుతోందని రోడ్డు మీంచి చూసి మురిసిపోయే పొలాల్లో చాలావాటి గతి ఇదే.

మిగతా నత్రజని రెండో పాటుగా, మొక్క నిటారుగా లేచాక, కణుపు పడేలోపు వేయాలి. రెండు పాట్లూ కలిపి ఎకరానికి 90 నుంచి 110 పౌండ్లు. 100 పౌండ్లంటే 45 కిలోల నత్రజని, యూరియాలో దాదాపు 98 కిలోలు.

ఇక్కడే మా బాబాయి కుర్చీలోంచి లేచాడు. అక్కడి టన్ను యూరియా, అంటే 907 కిలోలు, 500 డాలర్లు అనుకుందాం. డాలరుకు 90 రూపాయలు వేసుకోండి. ఎకరానికి ఒక్క యూరియాకే దాదాపు 4,860 రూపాయలు. మనకు 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు, అదే 98 కిలోలు 580 రూపాయలు. అక్కడ ఎరువుకు మన ధరా లేదు, మన క్యూ లైనూ లేదు. కర్ర పట్టుకుని పిలకలు లెక్కపెట్టే ఓపిక ఎక్కడి నుంచి వస్తుందో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

చాలామంది బస్తా యూరియా కాకుండా 28 శాతం ద్రవ నత్రజని వాడతారు. గ్యాలన్‌కు 3 పౌండ్లు. 30 పౌండ్లకు 10 గ్యాలన్లు, 38 లీటర్లు. దాన్ని పొగమంచులా చిమ్మితే ఆకు కాలిపోతుంది. అందుకే సన్నటి ధారలుగా వదిలే నాజిళ్ళు పెడతారు. నేల గడ్డకట్టిన పొద్దున చక్రం దిగబడదని బండి తోలతారు కానీ, వాలు నేలలో అదే పని చేస్తే కరిగిన నీళ్ళతో ఎరువు వాగులోకి పోతుంది. నీళ్ళు నిలిచిన చేలో వేస్తే నత్రజని వాయువై ఎగిరిపోతుంది. వందల ఎకరాలకు ఒక మనిషి, ఒక స్ప్రేయర్ అక్కడ. జీపీఎస్ ఉంది కాబట్టి ప్రతిసారీ అదే చక్రాల జాడ మీద నడుస్తుంది, చూడముచ్చటగా ఉంటుంది. పలకరించడానికి మాత్రం పక్క చేలో ఎవరూ ఉండరు.

పసుపు రంగు కనిపించగానే నత్రజని లోపమే అనుకోకండి. కింది ఆకులు పసుపుబారితే నత్రజని లోపం, పైన కొత్త ఆకులు పసుపుబారితే గంధకం లోపం. ఇసుక నేలల్లో రెండోది ఎక్కువ.

కలుపుల్లో నాకు బాగా నచ్చినది, రైతులకు అస్సలు నచ్చనిది, అడవి వెల్లుల్లి. దాని చిన్న పాయలు గోధుమ గింజంతే ఉంటాయి, జల్లెడకు చిక్కవు. కెంటకీ గోధుమ మెత్తరకం, బిస్కెట్లకు, కేకులకు పోతుంది. వెల్లుల్లి వాసన కేకును ఎవరు కొంటారు? కొనుగోలు కేంద్రంలోనే ధర కోసేస్తారు. హార్మొనీ ఎక్స్‌ట్రా లాంటి కలుపు మందు దీనికి పనిచేస్తుంది, కలుపు చురుగ్గా పెరుగుతున్నప్పుడే, పగలు 10 డిగ్రీల సెల్సియస్ దాటుతున్న రోజుల్లో కొట్టాలి. ద్రవ నత్రజనిలో కలిపి, పైగా జిగురు మందు కూడా వేస్తే గోధుమ ఆకే మాడుతుంది. 2,4-డి అనే ఇంకో కలుపు మందు కొట్టాలంటే పిలకలు పూర్తిగా వచ్చాక, కణుపు పడకముందు. ముందు కొట్టినా వెనక కొట్టినా వెన్ను వంకర్లు పోతుంది.

కణుపు పడిందో లేదో కంటికి తెలియదు. కాడను రెండు వేళ్ళ మధ్య కింది నుంచి పైకి నొక్కుతూ పోతే చిన్న బుడిపె తగులుతుంది. అది తగిలిందంటే వెన్ను మొలక నేల పైకి వచ్చేసినట్టు. అప్పటిదాకా మైనస్ 11 డిగ్రీలకు ఓర్చుకున్న మొక్క, ఇక రెండు గంటలు మైనస్ 4 పడితే దెబ్బతింటుంది. 2007 ఏప్రిల్‌లో అదే జరిగింది. మార్చి వెచ్చగా ఉండి చేలు తొందరగా ఎదిగాయి, ఈస్టర్ పండగ వారం మంచు కాటేసింది.

అలాంటి రాత్రి తర్వాత మర్నాడే చేలోకి పరుగెత్తి లాభం లేదు. వారం, పది రోజులు ఆగి కాడలు చీల్చి చూడాలి. మొలక తెల్లగా, బిగువుగా ఉంటే సరే. వడలి గోధుమరంగు తిరిగితే ఆ కాడ పోయినట్టే. పెద్ద కాడలు పోయినా, మొలక ఇంకా నేలలోనే ఉన్న చిన్న పిలకలు బతుకుతాయి. చచ్చినవి తీసేసి అదే 19 అంగుళాల కర్రతో మళ్ళీ లెక్కపెట్టాలి. ఆ చిన్న పిలకలు పండటం ఆలస్యమవుతుంది, దాని వెంటనే జూన్‌లో అదే నేలలో వేయాల్సిన సోయాబీన్ కూడా ఆ మేరకు వెనక్కి జరుగుతుంది.