రెండు సైన్యాలూ మీరే చేసుకోండి: తక్కువ ఖర్చులో మినియేచర్ వార్‌గేమింగ్

అందరికీ నమస్కారం అండీ. కావలి నుంచి, ఒంగోలు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినోళ్ళు కూడా ఉన్నారు, చాలా సంతోషం. మినియేచర్ వార్‌గేమింగ్ అంటే చిన్న చిన్న సైనికుల బొమ్మల్ని బల్ల మీద పెట్టి, కొలతలతో, పాచికలతో యుద్ధం ఆడే ఆట. మీలో ఎక్కువమంది యూట్యూబ్‌లో దీని వీడియోలు చూసి, ఆ పెయింట్ చేసిన బొమ్మలకి మురిసిపోయి, తర్వాత రేటు చూసి ఆగిపోయినోళ్ళే అయ్యుంటారు, అందుకని నేరుగా డబ్బు దగ్గర్నుంచే మొదలుపెడతా.

వార్‌హామర్ 40,000 అని 1987లో ఇంగ్లండ్‌లో మొదలైన గేమ్ ఉంది, వార్‌గేమింగ్ అనగానే అందరికీ గుర్తొచ్చేది అదే. ఆ పెట్టెలు మన చేతికొచ్చేసరికి వేలల్లో అవుతాయి, పెయింట్లు వేరే, రూల్‌బుక్ వేరే. బొమ్మలు మాత్రం అద్భుతం, నేనేం తప్పు పట్టట్లేదు. కానీ నెల్లూరులో ఉండే మనిషి అంత పెట్టి ఒక ఆర్మీ కొన్నాడే అనుకోండి, ఎవరితో ఆడతాడు? క్లబ్బులున్న ఊళ్ళో అయితే ఎదుటోడు వాడి ఆర్మీ వాడే తెచ్చుకుంటాడు. మన దగ్గర ఎదుటోడంటే మీ తమ్ముడో, పక్కింటి పిలకాయలో, ఆదివారం ఖాళీగా ఉండే ఫ్రెండో. వాళ్ళని కూడా కొనుక్కోమంటే ఎవరూ రారు. కాబట్టి రెండు సైన్యాలూ మీరే చేయండి, చిన్నవి చేయండి, వచ్చినోడు ఉత్త చేతులతో వచ్చి కూర్చుని ఆడి పోవాలి. ఇవాళ నేను చెప్పే మిగతాదంతా దీని కోసమే.

చిన్నవి అంటే ఎంత? ఫిల్ బార్కర్ వాళ్ళు 1990లో తెచ్చిన డీబీఏ అనే రూల్స్‌లో ఒక్కో వైపు 12 స్టాండ్లే, అంటే బొమ్మలు అంటించిన అట్టముక్కలే, ఉంటాయి, 15 మిల్లీమీటర్ల బొమ్మలైతే రెండడుగుల చదరం చాలు, గంటలో ఆట అయిపోద్ది. వన్ పేజ్ రూల్స్ వాళ్ళ బేసిక్ రూల్స్ అయితే ఫ్రీ, డౌన్‌లోడ్ చేసుకుని ఏ బొమ్మలతో అయినా ఆడుకోవచ్చు. ఇది పేదోళ్ళ కోసం తగ్గించిన ఆట అనుకోబాకండి. 1913లో ఇంగ్లీషు రచయిత హెచ్.జి.వెల్స్ రూల్స్ రాసి అచ్చేసింది కూడా పిల్లల బొమ్మ సైనికులతో, స్ప్రింగు ఫిరంగులతో నేల మీద ఆడే ఆటకే.

సరే, ఏ యుద్ధం ఆడదాం? నన్నడిగితే మనదే ఆడదాం. కాటమరాజు కథ మన జిల్లాల్లో ఎంతమంది విన్నారో చేతులెత్తండి... చూశారా. 13వ శతాబ్దం, కరువొచ్చి కాటమరాజు ఆవుల మందల్ని నెల్లూరు సీమ బీళ్ళలోకి తోలుకొచ్చాడు, పుల్లరి, అంటే పశువుల మేతకి కట్టే పన్ను, దాని దగ్గర తగాదా వచ్చింది, నెల్లూరు రాజు మనుమసిద్ధి తరఫున ఖడ్గ తిక్కన యుద్ధానికి పోయాడు, మహాభారతం రాసిన తిక్కన గారి దాయాది ఈయన. వార్‌గేమ్‌కి ఇంతకంటే మంచి సీనారియో నాకు కనపళ్ళా, ఎందుకంటే ఇందులో గెలుపంటే ఎంతమందిని చంపావని కాదు, ఆవులు ఎవరి చేతిలో ఉన్నాయని. ఒక్కో వైపు పదిమంది, మధ్యలో ఆరు ఆవులు, అంతే.

బొమ్మలు ఎక్కడ? అన్నిటికంటే చవక పేపర్ బొమ్మలు. ముందూ వెనకా గీసిన బొమ్మని ప్రింట్ తీసి, మడిచి, అంటించి, కింద అట్టముక్క పెడితే నిలబడిద్ది, ఒక్క ఏ4 కలర్ ప్రింట్‌లో ఒక వైపు సైన్యం మొత్తం వచ్చేస్తుంది. గీయడం వచ్చిన పిలకాయలుంటే ప్రింట్ ఖర్చు కూడా లేదు. ప్లాస్టిక్ కావాలంటే 1/72 స్కేల్ సెట్లు చూడండి, ఆ స్కేల్లో ఆరడుగుల మనిషి 25 మిల్లీమీటర్లు ఉంటాడు, ఒక్క పెట్టెలోనే బొమ్మలు బాగా వస్తాయి. త్రీడీ ప్రింటర్ మాత్రం ఇప్పుడే వద్దు, రెజిన్ ప్రింటర్‌కి గ్లోవ్స్ కావాలి, గాలాడే గది కావాలి, అది తర్వాతి మాట.

ఆవుల సంగతి రొంత వివరంగా చెప్తా, నాకు బాగా ఇష్టమైన పని ఇది. రొట్టెల పండక్కి బారాషహీద్ దర్గా దగ్గర పెట్టే అంగళ్ళలోనో, తిరునాళ్ళలోనో ప్లాస్టిక్ జంతువుల ప్యాకెట్ దొరుకుద్ది, మీ మనుషుల పక్కన పెట్టి సైజు సరిపోయేవి ఏరుకోండి. అందులో ఆవులు ఫారిన్ ఆవులు, మూపురం ఉండదు. ఒంగోలు గిత్త పుట్టిన నేల మీద మూపురం లేని ఆవుల్ని ఎట్టా పెడతామండీ! హార్డ్‌వేర్ షాపులో ఎం-సీల్ కొనండి, రెండు ముద్దలూ రంగు కలిసిపోయేదాకా పిసికి, చిన్న ఉండ చేసి భుజాల మీద పెట్టి, తడి వేలితో నున్నగా దిద్దండి, వేలు తడిగా లేకపోతే అంటుకుపోద్ది. గంగడోలుకి కూడా అదే ముద్ద సన్నగా సాగదీసి మెడ కింద అతికించడమే. పూర్తిగా గట్టిపడ్డాక తెల్ల రంగు, మూపురం మీద రొంత బూడిద రంగు, చూడ్డానికి అచ్చం మన పశువే.

రంగులకి ఫారిన్ బాటిళ్ళు అక్కర్లా, ట్రంకు రోడ్డు స్టేషనరీ షాపుల్లో దొరికే ఫెవిక్రిల్, కామెల్ అక్రిలిక్ చాలు, తెలుపు, నలుపు, గోధుమ, ఎరుపు, పసుపు, ఈ ఐదింటితో సైన్యం లేచి నిలబడిద్ది. మెత్తటి ప్లాస్టిక్ మీద రంగు పెచ్చులూడుద్ది, కాబట్టి ముందు గిన్నెల సబ్బుతో కడిగి ఆరబెట్టి, ఫెవికాల్‌లో నీళ్ళు కలిపి ఒక పూత పూసి, ఆరాక రంగేయండి. అన్ని రంగులూ అయ్యాక ముదురు గోధుమలో నీళ్ళు బాగా కలిపి ఒంటి నిండా పూస్తే ఆ నీళ్ళ రంగు మడతల్లోకి దిగి నీడలు అదే వేస్తుంది. కుంచె మీద మాత్రం పిసినారితనం చేయబాకండి, మొన సన్నగా నిలిచే మంచి రౌండ్ బ్రష్ ఒక్కటి కొనండి చాలు.

బొమ్మల కింద ఉండే బేస్‌ల మీదకి పెన్నా ఇసుక టీ వడకట్టే జల్లెడలో జల్లించి ఫెవికాల్ మీద చల్లండి. కొండలకి టీవీ పెట్టెలో వచ్చే థర్మోకోల్. దాని మీద స్ప్రే పెయింట్ కొట్టారో కరిగిపోద్ది, ఫెవికాల్ పూత వేసి అక్రిలిక్ వాడండి. మైపాడు తీరాన సరుగుడు తోటల్లో రాలిన సన్న కొమ్మలు తెచ్చుకుంటే చెట్లు రెడీ.

రూల్స్ కూడా చెప్పేస్తా, రాసుకోండి. టైలర్ టేపుతో కొలత, కాలిబంటు 6 అంగుళాలు కదులుతాడు, గుర్రం 10. పక్కపక్కన చేరితే ఇద్దరూ లూడో పాచిక వేయాలి, ఎక్కువ పడ్డోడు గెలుస్తాడు, ఓడినోడిని బోర్డు మీంచి తీసేయాలి, సమానం పడితే మళ్ళీ వేయాలి. ఆవు దగ్గర మనిషుంటే అతనితో నడుస్తుంది, ఎవరూ లేనప్పుడు 4 అంగుళాల్లో పోరు జరిగితే బెదిరి, పాచిక ఎంత పడితే అన్ని అంగుళాలు పోరుకి ఎదురు దిక్కున పరిగెడుతుంది. కాటమరాజు ఆవుల్ని అవతలి అంచు దాటించాలి, నెల్లూరు వాళ్ళు ఆపాలి. ఇంకొకటి, కథలో ఖడ్గ తిక్కన మొదట వెనక్కి తిరిగి ఇంటికొస్తే తల్లీ, భార్యా అన్న మాటలు పడలేక మళ్ళీ యుద్ధానికి పోతాడు కదా, అందుకని ఖడ్గ తిక్కన బొమ్మ ఓడితే తీసేయకుండా నెల్లూరు వాళ్ళ అంచుకి తేవాలి, ఒక్కసారి మాత్రం తిరిగి రావచ్చు, వచ్చినప్పుడు పాచికకి ఒకటి కలపాలి. ఈ ఒక్క రూల్‌తో కథ తెలిసినోళ్ళు ఎంత లీనమైపోతారో ఆడి చూడండి.

అటు పక్క రెండు టేబుళ్ళు వేసి ఉంచాం, బొమ్మలూ పాచికలూ అన్నీ అక్కడే ఉన్నాయి. ఒక్కో టేబుల్‌కి నలుగురు, ఎప్పుడూ ఆడనోళ్ళు ముందు రండి, భోజనాల లోపు అందరికీ ఒక ఆట పడాలి.