బాండికూట్ మన పందికొక్కే!

నమస్తే అండీ, గుంటూరు నుంచి మాట్లాడుతున్నాను. ఆస్ట్రేలియాలో బాండికూట్ అనే జంతువు ఉంది కదా, ఆ పేరు అక్కడి ఆదివాసుల మాట అని మళ్లీ ఎవరో చెప్తుంటే విన్నాను. ఒళ్లు మండింది. అది మన మాటండీ. పందికొక్కు!

పొలం గట్ల మీద తిరిగినవాళ్లకు దాని గురించి చెప్పక్కర్లేదు. బొరియ మూతి దగ్గర తవ్విపోసిన మట్టికుప్ప, లోపల కొరికి దాచుకున్న వరి కంకులు. కదిలించారంటే ఒళ్లంతా నిక్కబొడుచుకుని గుర్రుమంటుంది. అచ్చం పందే! పేరు పెట్టినవాళ్ల చెవిని మెచ్చుకోవాలి.

ఆ మాట ఇంగ్లిష్ వాళ్ల నోట్లో పడి 'ప' కాస్తా 'బ' అయింది, చివరి 'కు' పోయి 'ట్' వచ్చింది. ఇంగ్లిష్‌లో కలిసిన మన దేశపు మాటల మీద 1886లో యూల్, బర్నెల్ వేసిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులోనే ఇది తెలుగు మాట అని రాసి ఉంది. ఇంత స్పష్టంగా ఉన్నా మనకే తెలియకపోతే ఎలా?

మరి ఆస్ట్రేలియా ఎక్కడి నుంచి వచ్చింది? మన గుంటూరు అమ్మాయి దూరదేశం వెళ్లి, అక్కడేదో పుల్లటి ఆకు చూసి "అరె, గోంగూర!" అందనుకోండి. మొక్క వేరు, పులుపు ఒక్కటే కలిసింది. అయినా పేరు పడిపోయింది. ఇంగ్లిష్ వాళ్లు చేసింది అదే. మన దగ్గర పందికొక్కును చూశారు, ఆస్ట్రేలియాలో నేల తవ్వే కోసుమూతి జంతువును చూశారు, బాండికూట్ అనేశారు. 1799 నాటికే ఆస్ట్రేలియా తీరాలు తిరిగిన ఇంగ్లిష్ అన్వేషకుడు జార్జ్ బాస్ రాతల్లో ఆ పేరు కనిపిస్తుంది.

నిజానికి ఆ ఆస్ట్రేలియా జంతువు ఎలుకే కాదు. కంగారూలా పిల్లల్ని సంచిలో మోస్తుంది. ఆ సంచి మూతి వెనక్కి తిరిగి ఉంటుంది, తవ్వేటప్పుడు మట్టి లోపల పడకుండా. ఎంత అందమైన ఏర్పాటో చూడండి!

ఇక ఆ గోంగూర అక్కడే పాతుకుపోయింది. కొన్నాళ్లకు అక్కడివాళ్లు గోంగూర మా ఊరిదే అన్నారు, మనవాళ్లూ తలూపారు. నా బాధంతా ఆ తలూపడం గురించే.

టైం అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. పైన మొక్క కదలకుండా అడుగున బంగాళాదుంపలు తవ్వుకుపోవడాన్ని ఆస్ట్రేలియాలో 'బాండికూట్ చేయడం' అంటారు. మన పందికొక్కు ప్రజాతికి 1873లో జంతుశాస్త్రవేత్త గ్రే పెట్టిన శాస్త్రీయ నామం బాండికోటా. అంటే మన మాటే ఇంగ్లిష్ మీదుగా తిరిగి మన ఎలుక దగ్గరికే వచ్చింది. 1996లో వచ్చిన క్రాష్ బాండికూట్ వీడియో గేమ్ మాత్రం ఆస్ట్రేలియా జంతువు పేరు మీదే. కేరళలో మ్యాన్‌హోళ్లలోకి మనిషి దిగే పని లేకుండా శుభ్రం చేసే రోబో తయారు చేశారు. దానికీ బాండికూట్ అనే పేరు పెట్టారు. ఆ పేరు విన్నప్పుడల్లా నాకు భలే గర్వంగా ఉంటుంది.