ఇసుక కోటకి బొమ్మల సెట్ కొనాలా, హార్డ్‌వేర్ షాపుకి వెళ్లాలా?

అందరికీ నమస్తే. టేబుల్ మీద రెండు రకాల సామాను పెట్టాను చూడండి. ఇటువైపున్నది బీచ్ దగ్గర వల సంచుల్లో వేలాడదీసి అమ్మే ప్లాస్టిక్ సెట్. అటువైపున్నది హార్డ్‌వేర్ షాపులో కొన్నవీ, ఇంట్లో ఏరుకున్నవీ. రుషికొండ బీచ్‌లో రెండింటితోనూ కట్టి చూశాను.

ముందు సెట్ సంగతి. పార పిడి ఇలా కొంచెం వంచితేనే తెల్ల గీత పడుతోంది. తడి ఇసుకలోకి గట్టిగా దించితే విరిగినట్టే. బకెట్ అడుగున బురుజుల డిజైన్ ముచ్చటగానే ఉంది కానీ, ఆ సందుల్లో ఇసుక ఇరుక్కుని, బోర్లిస్తే సగం బురుజు లోపలే ఉండిపోతుంది. రేక్ ఎందుకిచ్చారో ఇచ్చినవాళ్లకే తెలియాలి. జల్లెడ మాత్రం పారేయకండి, గవ్వ ముక్కలు ఏరడానికి బాగుంటుంది. మూడేళ్ల పిల్లలకైతే ఈ సెట్ చాలు. శిల్పం చెక్కాలనుకునేవాళ్లకి దండగ.

ఇప్పుడు అసలు హీరో! అడుగు కోసేసిన పాత పెయింట్ బకెట్. కోసిన అంచుని సాండ్‌పేపర్‌తో రుద్దండి, లేకపోతే చేతులు తెగుతాయి. వెడల్పు మూతి కిందికి, కోసిన వైపు పైకి ఉండాలి. అటూ ఇటూ అయితే పైకి లాగేటప్పుడు ఇసుకంతా పీక్కుని వస్తుంది. జానెడు ఇసుక పోసి, నీళ్లు పోసి, కర్రతో దిమ్మిస కొట్టినట్టు కుమ్మాలి. మళ్లీ ఇసుక, మళ్లీ నీళ్లు. నిండాక కాసేపు ఆగి, పక్కలు తట్టి, నెమ్మదిగా పైకి తీయండి.

తడి ఇసుక ఎందుకు నిలబడుతుందంటే, రేణువుల మధ్య చేరిన కొద్దిపాటి నీరు తలతన్యత వల్ల వాటిని దగ్గరికి లాగి పట్టుకుంటుంది. ఈ పట్టు అన్నిటికన్నా గట్టిగా ఉండేది నీటి వాటా 1 శాతం దగ్గర ఉన్నప్పుడేనని 2012లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. మరి మగ్గులకొద్దీ పోయడం దేనికి అంటారా? రేణువులు సందు లేకుండా సర్దుకోడానికి. మిగిలిన నీరు కిందికి దిగిపోతుంది. అదే లెక్క ప్రకారం అడుగు వెడల్పు రెండింతలు చేస్తే, నిలబడే ఎత్తు 1.6 రెట్ల దాకానే పెరుగుతుంది. అందుకే ఎత్తు కావాలంటే అడుగు దగ్గర పిసినారితనం వద్దు.

తవ్వడానికి పొట్టి పిడి ఇనప పార తీసుకోండి. అలలు అందని చోట కట్టండి, వెళ్లేముందు గుంటలు పూడ్చండి. చీకట్లో ఎవరి కాలైనా విరగొచ్చు. పైగా చలికాలం నుంచి మన తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు గుంటలో పడితే పైకి ఎక్కలేవు.

చెక్కడానికి ఇవీ: చిన్న తాపీ, పెయింటర్ల పుట్టీ బ్లేడు, స్టీల్ స్పూను. మేస్త్రీలు వాడే పెద్ద తాపీ బరువు, మణికట్టు నొప్పెడుతుంది. గోడలు నున్నగా కోయడంలో పుట్టీ బ్లేడుకి సాటి లేదు. కిటికీలు, మెట్లు స్పూనుతో లాగించేయొచ్చు. ఎప్పుడూ పైనుంచి కిందికే చెక్కాలి, లేదంటే రాలిన ఇసుక కింద చేసిందంతా పాడుచేస్తుంది. రాలిన రేణువుల్ని మెత్తటి బ్రష్‌తో దులపండి, మూలల్లో అయితే స్ట్రాతో ఊదండి. కోణార్క్ దగ్గర చంద్రభాగ బీచ్‌లో డిసెంబరులో జరిగే సైకత శిల్పోత్సవానికి ఎప్పుడైనా వెళితే, శిల్పం కన్నా ముందు శిల్పుల చేతుల్లో ఏముందో చూడండి, బోలెడు తెలుస్తుంది.

చివరిది, మొక్కలకి కొట్టే స్ప్రే బాటిల్. ఎండకి పైపొర ఆరిపోతే రాలడం మొదలవుతుంది కాబట్టి మధ్యమధ్యలో కొడుతూ ఉండాలి. నేను మొదట తెచ్చినదాంట్లో నీళ్లు ధారగా వచ్చి గోడకి చిల్లు పడింది. మంచు తుంపరలా రావాలి. షాపులోనే నీళ్లు పోయించి, నాజిల్ తిప్పి చూసుకుని మరీ కొనండి.