సింహం లేని ఫొటోలు

అధ్యక్షులవారికి, కార్యదర్శిగారికి, వేదిక మీది పెద్దలకు, ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం అనగానే మధ్యాహ్నం నిద్ర మానుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం. శాలువా ముందే కప్పేశారు కాబట్టి ఇక ఏం మాట్లాడినా వెనక్కి తీసుకోరన్న ధైర్యంతో మొదలుపెడుతున్నాను.

ఆహ్వానపత్రంలో 'ఆఫ్రికా అడవుల్లో కెమెరాతో' అని వేశారు. నేను మాత్రం నమీబియాలోని ఎటోషా గురించి, అందులోనూ జింకల గురించే చెబుతాను. సింహాల ఫొటో ఒక్కటి కూడా తేలేదు. నిరాశపడ్డవాళ్లకు బయట టీ ఉంది.

ఎటోషా అంటే నడుమ దాదాపు 4,800 చదరపు కిలోమీటర్ల ఉప్పు పర్ర, దాని చుట్టూ గడ్డి మైదానాలు, ముళ్లపొదలు. 1907 నుంచీ రక్షిత ప్రాంతం. మే నుంచి అక్టోబరు దాకా వానలు దాదాపు ఉండవు. అప్పుడు మనం జంతువుల్ని వెతుక్కుంటూ తిరగక్కర్లేదు. నీటిగుంట దగ్గర బండి ఆపి, ఇంజన్ కట్టేసి కూర్చుంటే అవే వస్తాయి. బియ్యం నింపిన గుడ్డసంచి కిటికీ మీద పెట్టి లెన్స్ దానిమీద ఆనించండి. నేల తెల్లగా మెరుస్తుంది కాబట్టి కెమెరా వెలుగు ఎక్కువైందనుకుని జంతువును నల్లగా తీస్తుంది, ఒక స్టాప్, అంటే వెలుగు రెండింతలు, పెంచుకోండి. ఎండ ముదిరాక వేడి గాలికి ఎంత ఖరీదైన లెన్స్ అయినా బొమ్మను ముద్దగానే ఇస్తుంది. ఇక టెక్నిక్ గురించి చెప్పను, యూట్యూబ్‌లో బోలెడుంది.

తర్వాతి స్లయిడ్ వెయ్యి నాయనా. ఇది గెమ్స్‌బాక్ అనే పెద్ద జింక. ఆడదానికీ కొమ్ములుంటాయి, చాలాసార్లు మగదానికన్నా పొడుగ్గా. ఒళ్లు 40 డిగ్రీలు దాటి కాగుతున్నా తొందరపడి చెమట పోసి నీళ్లు పోగొట్టుకోదు. ముక్కులో చల్లబడిన రక్తం మెదడుకెళ్లే రక్తాన్ని చల్లబరుస్తుంది. మిట్టమధ్యాహ్నం నీడలేని చోట అది అలా నిలబడి ఉంటే, దాని పక్కనుంచే జీపులు సింహం కోసం పరిగెడుతుంటాయి.

ఇక్కడే నా బాధ చెప్పుకోవాలి. ఎటోషాలోనే నముతోని అనే విడిది దగ్గర పొదల్లో డిక్‌డిక్ అని ఒక బుల్లి జింక ఉంటుంది. మోకాలి ఎత్తు, ఐదు కిలోల బరువు. కంటి మూల నల్లటి గ్రంథి ఉంటుంది. నేను చూస్తుండగా ఒక మగది ఎండుపుల్ల కొసను ఆ గ్రంథిలో ఆనించి, మెల్లగా తల వెనక్కి తీసుకుంది. పుల్ల చివర తారుబొట్టంత జిగురు. ఇది నా హద్దు అని గుర్తు పెట్టుకోవడం. కంట్లో గుచ్చుకుంటుందేమోనని నాకు టెన్షన్!

అప్పుడొచ్చింది వ్యాను. మనవాళ్లే. "సార్, ఏంటి, సింహమా?" కాదండీ, డిక్‌డిక్ అన్నాను. చూశారు. "ఓస్, మేకపిల్ల! పోనీ పోనీ." హారన్ కూడా కొట్టారు. దుమ్ము తగ్గేసరికి పుల్ల ఉంది, జింక లేదు.

మేకపిల్లట! ఆ పుల్ల ఫొటోలు ఒక పోటీకి పంపిస్తే న్యాయనిర్ణేత "యాక్షన్ ఏదండీ?" అన్నారు. బహుమతి, జీబ్రా మెడ కొరుకుతున్న సింహానికి. పోయినసారీ అదే. అంతకుముందూ అదే.

ఇవాళ ఎందుకీ పండగ? 1839 ఆగస్టు 19న ఫ్రాన్సులో డాగెర్ కనిపెట్టిన ఫొటో పద్ధతిని లోకానికి వెల్లడించారు. దానికి నలభై ఏళ్ల ముందే, దక్షిణాఫ్రికా కేప్‌లో బ్లూబక్ అనే జింక వేటకు బలై అంతరించింది. దానికి ఫొటో లేదు, ఉండే వీలూ లేదు. మ్యూజియాల్లో కొన్ని చర్మాలు, ఎముకలు మిగిలాయంతే. అదే కేప్‌లో బోంటెబాక్ అనే ఇంకో జింకకీ ఆ గతే పట్టేది. 1931లో 17 జంతువులతో ఒక పార్కు పెట్టి నిలబెట్టారు. 17 అండీ! ఈ హాల్లో మొదటి రెండు వరసల్లో అంతకన్నా ఎక్కువమంది ఉన్నారు.

మన దగ్గరే కృష్ణజింకలుండే అభయారణ్యం రోళ్లపాడు వెళ్లినవాళ్లు చేతులెత్తండి. చూశారా, నలుగురు. సింహాల కోసం కెన్యాలోని మసైమారా? సగం హాలు! కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువని మీలో ఎందరు పిల్లలకు చెప్పారు?

టైమైందని అధ్యక్షులవారు చీటీ పంపారు. ఒక్క మాట. వచ్చే ఏడాది మన క్లబ్ పోటీలో కొత్త విభాగం పెట్టాలి. గడ్డి తినే జంతువులు మాత్రమే, వేట, రక్తం ఉండకూడదు. మొదటి బహుమతి డబ్బు నాది. కార్యదర్శిగారూ, మినిట్స్‌లో రాసుకున్నారా?