నాలుగు షేడ్లు, మూడు రకాల వెలుతురు: ఇంటి గోడ రంగుల రివ్యూ

నమస్కారం అండి. నా వెనక గోడకు ఆనించిన ఈ నాలుగు అట్టలు చూడండి. ఒక్కొక్కటి రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. లేత బూడిద, ఐవరీ, సేజ్ గ్రీన్, లావెండర్. ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు నన్ను తరచుగా అడిగే రంగులు ఇవే. అట్టకు ప్రైమర్ కొట్టి, రెండు కోట్లు వేసి, బాగా ఆరాక తీసుకొచ్చాను. ఉదయపు వెలుతురులో, సాయంత్రపు ఎండలో, రాత్రి లైట్ల కింద వీటిని చూపించి, ఏది ఏ గదికి పనికొస్తుందో చెబుతాను.

ఫోను కెమెరా తెలుపును తనకు తోచినట్టు సరిచేసుకుంటుంది. అందుకే వీడియో మొత్తం వైట్ బ్యాలెన్స్ మారకుండా లాక్ చేసి తీశాను. అట్టల పక్కన ఒక తెల్ల కాగితం కూడా పెట్టాను. మీ తెర మీద రంగు ఎలా ఉన్నా, ఆ కాగితం పక్కన అది ఏ వైపు మొగ్గుతోందో గమనించండి.

ఈ గది కిటికీ ఉత్తరం వైపు ఉంది. మన ప్రాంతంలో వేసవి నెలల్లో తప్ప ఉత్తరపు కిటికీలోకి నేరుగా ఎండ పెద్దగా పడదు. వచ్చేది ఎక్కువగా ఆకాశపు వెలుతురు, అందులో నీలం పాలు ఎక్కువ. పడమటి గదిలో సాయంత్రమయ్యేసరికి గోడంతా నారింజ ఛాయ పరుచుకుంటుంది. ఇక రాత్రి సంగతి బల్బు పెట్టె మీదే రాసి ఉంటుంది. మన ఇళ్లలో మామూలుగా వాడే తెల్ల ఎల్‌ఈడీ మీద 6500 కెల్విన్ అని, పసుపు కాంతి ఇచ్చేదాని మీద 2700 లేదా 3000 అని ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ కాంతి నీలం వైపు జరుగుతుంది. దుకాణంలో ట్యూబులైటు కింద షేడ్ కార్డు, అంటే రంగుల నమూనాల కార్డు చూసి అక్కడికక్కడే ఖాయం చేసుకుంటే, ఆ దుకాణం వెలుతురుకు నప్పే రంగును ఇంటికి తెచ్చుకున్నట్టే.

లేత బూడిదతో మొదలుపెడతాను, ఎందుకంటే ఎక్కువ తేడా కొట్టేది ఇదే. షేడ్ కార్డు మీద చాలా హుందాగా ఉంటుంది. ఉత్తరపు గదిలో తెల్ల కాగితం పక్కన ఇప్పుడు చూడండి. బూడిదలో దాగిన నీలం బయటపడింది. రాత్రి 6500 బల్బు కింద అది ఇంకా ముదిరింది. గది చల్లబడినట్టు, గోడలు దగ్గరికి జరిగినట్టు ఉంది. ఇదే అట్టను సాయంత్రం పడమటి గదిలో పెట్టాను. నీలం జాడే లేదు, చూడముచ్చటగా ఉంది. రంగు ఒకటే, డబ్బా ఒకటే.

బూడిద రంగులన్నీ ఒకటి కావు. కొన్నింటి అడుగున నీలం ఉంటుంది, కొన్నింటిలో ఆకుపచ్చ, కొన్నింటిలో ఊదా. లేత షేడ్‌లో అది కంటికి ఆనదు. కార్డులో అదే వరుస చివరనున్న ముదురు షేడ్ చూడండి, అడుగు రంగు ఏమిటో తెలిసిపోతుంది. దుకాణంలో నేను ముందు చూసేది ఆ ముదురు గడినే. ఉత్తరపు గదికి బూడిదే కావాలనుకుంటే గోధుమ ఛాయ ఉన్నది తీసుకోండి, బల్బును 4000 కెల్విన్‌కు మార్చండి. తాండూరు నీలి బండలు పరిచిన ఇంట్లో మాత్రం బూడిద గోడలు వద్దని గట్టిగా చెబుతాను. గచ్చు, గోడ ఒకే ఛాయలో కలిసిపోయి గది వెలవెలబోతుంది.

ఇప్పుడు ఐవరీ. దీని గురించి చెప్పాలంటే ఎల్‌ఆర్‌వీ అనే అంకె తెలియాలి. గోడ మీద పడిన వెలుతురులో ఎంత శాతం తిరిగి గదిలోకి వస్తుందో అది చెబుతుంది. పూర్తి నలుపుకు 0, పూర్తి తెలుపుకు 100. ఐవరీలు, లేత క్రీములు సాధారణంగా 75కు పైనే ఉంటాయి. కిటికీకి ఎదురుగా పక్క అపార్ట్‌మెంటు గోడ అడ్డుపడి పగలే లైటు వేసుకునే హాలుకు ఇంతకంటే మంచి రంగు నాకు కనిపించలేదు. టేకు తలుపులు, పసుపు తాండూరు బండలు ఉంటే మరీ బాగుంటుంది. అయితే అట్ట కింద ఈ తెల్లటి విట్రిఫైడ్ టైలు ముక్క పెడుతున్నాను, చూడండి. మంచి ఐవరీ కాస్తా మాసిన తెలుపులా మారిపోయింది. అట్ట మారలేదు, పక్కనున్న తెలుపు దాన్ని దించేసింది. తెల్ల టైల్స్ ఉన్నవాళ్లు ఒక టైలు ముక్కను సంచిలో వేసుకుని దుకాణానికి వెళ్లండి.

తెలుపు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. పండక్కి ఇంటికి సున్నం వేసేటప్పుడు పెద్దవాళ్లు అందులో కాస్త నీలిమందు కలిపేవారు. సున్నంలోని పసుపు ఛాయను ఆ నీలం అణచివేస్తే కంటికి తెలుపు ఇంకా తెల్లగా తోస్తుంది. ఎంత చక్కటి రంగుల జ్ఞానమో చూడండి! ఇంకో తేడా కూడా ఉంది. సున్నం తడిగా ఉన్నప్పుడు పలచగా కనిపించి, ఆరాక తెల్లబడుతుంది. ఇప్పుడు గోడలకు వేసే నీళ్ల రంగు, అదే ఎమల్షన్, దానికి వ్యతిరేకంగా ఆరాక కాస్త ముదురుతుంది. పెయింటర్ మొదటి పట్టీ వేయగానే లేతగా ఉందని కంగారుపడి రంగు మార్చమనకండి. రెండో కోటు పడి, పూర్తిగా ఆరేదాకా ఆగండి.

సేజ్ గ్రీన్ ఈ నాలుగింటిలో నాకు బాగా నచ్చింది. ఎండిన వేపాకు రంగు ఇది, పచ్చదనం మీద పలచగా బూడిద కప్పినట్టు ఉంటుంది. ఉదయం, రాత్రి పెద్దగా తేడా లేదు. 3000 బల్బు కింద కొంచెం ఖాకీ వైపు జరిగింది, అయినా కంటికి హాయిగానే ఉంది. పడకగదికి కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. చీకటి గదికి మాత్రం వద్దు, ఐవరీ తిప్పి పంపినంత వెలుతురు ఇది పంపదు.

లావెండర్ పిల్లల గదికని అడుగుతారు. అట్ట మీద ఎంత లేతగా ఉందో చూశారు కదా. నాలుగు గోడలకూ వేస్తే ఇంత లేతగా ఉండదు. ఒక గోడ నుంచి తిరిగి వచ్చిన ఊదా వెలుతురు ఎదుటి గోడ మీద పడుతుంది, అది మళ్లీ ఇటు వస్తుంది, ప్రతిసారీ రంగు చిక్కబడుతుంది. ఏ రంగుకైనా ఇది వర్తిస్తుంది, లావెండర్‌లో కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. పసుపు బల్బు కింద దీనిలో కళ పోయి మట్టి ఛాయ వచ్చింది. మీ పాప ఈ రంగే కావాలంటే మంచం తల వైపు గోడ ఒక్కదానికి వేయించండి. మిగతా మూడింటికి, సీలింగుకు తెలుపు చాలు.

మెరుపు గురించి క్లుప్తంగా చెబుతాను. ఒకే షేడ్ మ్యాట్‌లో, అంటే మెరుపు లేని పూతలో లేతగా, మెరుపున్న పూతలో కాస్త చిక్కగా కనిపిస్తుంది. లప్పం పని నున్నగా లేకపోతే మెరుపు పూత ప్రతి ఎత్తుపల్లాన్నీ పట్టి చూపిస్తుంది, గోడ పక్కనుంచి లైటు పడేచోట మరీ. వంటగదికి, పిల్లలు చేతులు పెట్టే గోడలకు తుడిస్తే పోయే మెరుపు పూత, మిగతావాటికి మ్యాట్ నా ఎంపిక.

పాత ఇంటికి రంగులు వేయిస్తున్నవాళ్లు ఇది తప్పకుండా వినండి. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు దాటకూడదనే నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు తలుపులకు, కిటికీలకు వేసిన పసుపు, నారింజ, ఆకుపచ్చ ఆయిల్ పెయింట్లలో సీసం ఉండే అవకాశం ఉంది. వాటిని పొడిగా గీకితే ఆ దుమ్ము పిల్లలకు చాలా ప్రమాదం. తడిపి గీకించండి, గీకే రోజుల్లో పిల్లలను, గర్భిణులను ఇంట్లో ఉంచకండి.

రంగు ఖాయమయ్యాక, ఒక గదికి కావలసిన లీటర్లన్నీ ఒకేసారి కలిపించుకోండి. విడతలవారీగా తెస్తే కోడ్ ఒకటే అయినా గోడ మీద అతుకు తెలిసే వీలుంది. షేడ్ కోడ్ ఒక్కటే రాసుకుంటే సరిపోదు, పూత పేరు, మ్యాటా మెరుపా అన్నది కూడా కావాలి. డబ్బా మూత మీది చీటీని ఫోటో తీసి, మిగిలిన రంగులో కొంచెం గాలి చొరని సీసాలో పోసి, దాని మీద గది పేరు, తేదీ రాసి నీడలో పెట్టండి. మేకు కొట్టిన చోట పూడ్చి రంగు అద్దాల్సి వస్తే అది చాలు.